గురుగ్రహం ఫోటో మనకెందుకు అని అడిగిన అన్నకి

పోస్టు కాస్త పొడుగే. ఓపికుంటే చివరిదాకా చదవండి.

మేం కొలకలూరు దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మాలో యానాదులున్నారు, ఎరుకలోళ్ళున్నారు, సుగాలీలున్నారు. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ చలికాలం నుంచి రాత్రిపూట గ్రహాల ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నాం. మొన్న గ్రూపులో గురుగ్రహం ఫోటో పెడితే చాలామంది మెచ్చుకున్నారు. ఒక సీనియర్ అన్న మాత్రం "డీఎస్సీకి చదువుకోండిరా, గురుడు కూడు పెడతాడా?" అన్నాడు. ఆయన మాటలో ప్రేమే ఉంది. కానీ ఆ ప్రశ్నకి కామెంట్లో రెండు ముక్కల్లో జవాబు రాదు. అందుకే ఈ పోస్టు.

ముందు ఆ ఫోటో ఎలా తయారైందో చెప్పాలి. మాకు తెలిసిన ఒక సార్ దగ్గర ఐదంగుళాల అద్దం ఉన్న చిన్న టెలిస్కోపు ఉంది. కళ్ళు పెట్టి చూసే చోట ఫోన్ బిగించాం, అంతే. గురుడు ఎంత చిన్నగా ఉంటాడంటే, రూపాయి బిళ్ళని వంద మీటర్ల అవతల పెట్టి చూసినట్టు. అది కూడా బాగా దగ్గరికొచ్చినప్పుడు, అంటే 2026 జనవరి 10న లాగా. ఫోన్‌ని దాని ఇష్టానికి వదిలేస్తే నల్లటి ఆకాశం చూసి వెలుతురు పెంచేస్తుంది, గ్రహం తెల్లటి ముద్దలా వస్తుంది. స్క్రీన్ మీద గ్రహాన్ని వేలితో నొక్కి పట్టి, వెలుతురు కిందికి లాగాలి. అప్పుడు గోధుమ రంగు పట్టీలు రెండు బయటపడతాయి. పక్కన ఉండే నాలుగు చందమామలు మాత్రం మాయమవుతాయి. 1610లో గెలీలియో చూసినవి అవే. రెండూ ఒకే వీడియోలో బాగా రావు, వేరువేరుగా తీసుకోవాలి.

ఫోటో కాదు, వీడియోనే తీయాలి. మన నెత్తి మీద గాలి ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, పొయ్యి మీద ఆవిరి వెనక గోడ కదిలినట్టు గ్రహం కదులుతుంది. ఏ క్షణంలో గాలి నిలకడగా ఉంటుందో ముందే తెలీదు. రెండు నిమిషాల వీడియో, సెకనుకి ముప్పై ఫ్రేములు అంటే 3,600 బొమ్మలు. ఆటోస్టాకర్ట్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అది బొమ్మలన్నీ చూసి, మంచివి ఏరి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేరుస్తుంది. ఒక్క ఫ్రేములో ఇసుక చల్లినట్టు కనిపించే గరుకు, వంద ఫ్రేములు పేరిస్తే పదో వంతుకి తగ్గుతుంది, తొమ్మిది వందలు పేరిస్తే ముప్పయ్యో వంతుకి. తర్వాత రెజిస్టాక్స్‌లో పెట్టి అంచులు పదును చేస్తాం. అదీ ఉచితమే. వీడియో మరీ పొడుగ్గా తీసినా లాభం లేదు. గురుడు పది గంటలు కూడా పట్టకుండా ఒక చుట్టు తిరిగేస్తాడు, గీతలు జరిగిపోతాయి.

ఇంకో సంగతి. ఊరి లైట్లు గ్రహాలకి అడ్డం కావు, అవి అంత వెలుగు గలవి. మబ్బు లేకపోతే చాలు, పల్చటి మంచు ఉన్నా పర్లేదు. కాకపోతే స్లాబు మీద నుంచి కాకుండా పొలం గట్టు మీద నుంచి తీయండి. స్లాబు పగలు మింగిన ఎండంతా రాత్రి కక్కుతుంది, ఆ సెగకి బొమ్మ వణుకుతుంది. మనం ఉండే చోటు కూడా మనకి కలిసొచ్చింది. ఇక్కడ గురుడైనా శని అయినా బాగా పైకి ఎక్కుతాయి. ఇప్పుడైతే గురుడు దాదాపు నడినెత్తినే ఉంటున్నాడు. 2019, 2020లో అవి దక్షిణంగా ఉన్నప్పుడు ఇంగ్లండులో చెట్ల కొమ్మల దాకానే వచ్చేవి. గ్రహాల ఫోటోలకి పేరుపడిన డేమియన్ పీచ్ అనే ఇంగ్లండాయన మంచి ఆకాశం కోసం బార్బడోస్ దీవి దాకా వెళ్ళాడు. మనం మెస్‌లో అన్నం తిని చెయ్యి కడుక్కుని బయటికొస్తే చాలు.

ఇక అన్న ప్రశ్న దగ్గరికి వస్తాం.

ఈ పనిలో మేం నేర్చుకున్న అసలు సంగతి ఇది: బొమ్మ దానంతట అది ఉండదు, ఎవరో ఒకరు దాన్ని తయారు చేస్తారు. పదును కొంచెం పెంచితే నిజంగా ఉన్న పట్టీ కనపడుతుంది. ఇంకొంచెం పెంచితే గ్రహం అంచున లేని గీత ఒకటి పుట్టుకొస్తుంది. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి. తయారు చేసినవాడికే తేడా తెలుస్తుంది. (మన జాతర ఫోటోలకి రంగులు దట్టించి పేపర్లో వేసినప్పుడు మనకి ఒళ్ళు మండుతుంది కదా, అదే జబ్బు.) అందుకే మేం పెట్టే ప్రతి ఫోటో కింద ఎన్ని ఫ్రేములు, ఎంత పదును అని రాస్తున్నాం. గ్రూపులో అందరూ అలాగే రాయాలని మా పట్టు.

ఇప్పుడు ఏజెన్సీ అన్నలు, అక్కలు ఆలోచించండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న పోడు భూమికి గిరిజనులకి హక్కు ఉంది. ఆ రోజుకి సాగు ఉందా లేదా అని తేల్చడానికి ఉపగ్రహం తీసిన బొమ్మలు కూడా ముందు పెడుతుంటారు. అప్పటి మన రిసోర్స్‌శాట్-1 ఉపగ్రహంలో లిస్-3 అనే కెమెరా ఉండేది. దాని బొమ్మలో ఒక చుక్క అంటే నేల మీద 23.5 మీటర్ల చదరం. లెక్క వేయండి, ఎకరానికి ఏడు చుక్కలు. ఏటవాలు కొండ మీద, మధ్యమధ్యలో ఇప్పచెట్లు, చింతచెట్లు వదిలేసి చేసుకున్న అరెకరం పోడు మూడు, నాలుగు చుక్కల్లో ఎలా కనపడుతుంది? చెట్టూ చేనూ కలిసిపోయి ఒకే రంగు అవుతాయి. దాన్ని అడవి అనాలా, సాగు అనాలా అన్నది కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు గీసే గీతని బట్టి ఉంటుంది. మేం రెజిస్టాక్స్‌లో పదును ఎంత పెట్టాలో తేల్చుకున్నట్టే.

అందుకే 2012లో సవరించిన నిబంధనల్లో ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకి తోడుగా మాత్రమే ఉండాలి, వాటి బదులుగా కాదు అని రాశారు. గుజరాత్‌లో ఇలాంటి బొమ్మల మీద ఆధారపడి దరఖాస్తులు కొట్టేస్తే కేసు హైకోర్టు దాకా వెళ్ళింది. గ్రామసభలో పెద్దలు ఈ నిబంధన చెప్పగలరు. కానీ "ఈ బొమ్మలో చుక్క ఎంత? ఏ నెలలో తీసింది? ఆ నెలలో చేను కోసి ఉందా, పచ్చగా ఉందా?" అని అడగాలంటే, బొమ్మ ఎలా తయారవుతుందో చేత్తో చేసి చూసినవాళ్ళు మనలో ఉండాలి. గురుడితో మొదలుపెడితే తప్పేంటి? గురుడి విషయంలో పొరపాటు పోతే ఎవరి భూమీ పోదు.

ఇంకో మాట కూడా అనాలి. మన తెలుగు నేల మీద టెలిస్కోపులు కొత్త కాదు. 1840లోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు సొంత అబ్జర్వేటరీ కట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా పోవడాన్ని అక్కడి నుంచే చూశారు. హైదరాబాదులో 1901లో నిజామియా అబ్జర్వేటరీ పెట్టింది ఒక నవాబు. గొప్ప పనులే, కాదనం. కానీ జమీందారులకీ నవాబులకీ సాధ్యమైన పని అది. మనవాళ్ళు వేగుచుక్కని చూసి పొద్దు లెక్క కట్టారు, పిల్లలకోడిని చూసి కాలం లెక్క కట్టారు, కానీ అద్దం చేతికి రాలేదు. ఇక శ్రీహరికోట. రాకెట్ కేంద్రం కోసం ఖాళీ చేయించకముందు ఆ దీవిలో ఉన్నది యానాదులు. 2013 నవంబర్ 5న మంగళయాన్ ఎగిరింది అక్కడి నుంచే. అది పంపిన కుజుడి బొమ్మలు ఇస్రో అందరికీ ఇచ్చింది. యానాది పిల్లలు ఆ బొమ్మలు తెరిచి చూడటానికి "మనకెందుకు" అనే మాట అడ్డం రాకూడదు.

టెలిస్కోపు లేకపోయినా పని ఆగదు. గురుడి చుట్టూ తిరుగుతున్న నాసా జూనో నౌకలో జూనోక్యామ్ అనే కెమెరా ఉంది. దాని ముడి బొమ్మలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలుగా అందరికీ ఇస్తారు. వాటిని కలిపి గ్రహంగా మార్చేది చాలాసార్లు మామూలు జనమే. మన పక్కన చెన్నైలో షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజనీరు 2019లో నాసా ఇచ్చిన చంద్రుడి బొమ్మలు, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పోల్చి, కూలిపోయిన విక్రమ్ ల్యాండర్ ముక్క జాడ పట్టాడు. డిసెంబర్‌లో నాసా ఆయన పేరు చెప్పింది. ఆయనకి కావాల్సింది కంప్యూటరు, నెట్టు, ఓపిక. మొదటి రెండూ చాలా హాస్టళ్ళలో ఉన్నాయి. తాళం కూడా ఉంది, అదే చిక్కు. సాయంత్రం ఐదింటికే ల్యాబు మూసేస్తే పగలంతా కాలేజీలో ఉండే మేం ఎప్పుడు కూర్చోవాలి? రాత్రి భోజనాలయ్యాక రెండు గంటలు ల్యాబు తెరవమని ప్రతి హాస్టల్ నుంచీ అర్జీ పెడదాం. డీఎస్సీ చదివేవాళ్ళకీ ఆ రెండు గంటలు పనికొస్తాయి, అన్నా.

గురుడు వేసవి చివరిదాకా సాయంత్రాలు కనపడతాడు. మళ్ళీ ఇంత దగ్గరికి వచ్చేది 2027 ఫిబ్రవరి రెండో వారంలో. ఎవరి దగ్గరైనా టెలిస్కోపు ఉన్నా, మీ పాత స్కూలు బీరువాలో ఉందని తెలిసినా ఇక్కడ రాయండి. వీడియో తీస్తే మాకు పంపండి, పేర్చి పెడతాం, ఎలా పేర్చామో కూడా చూపిస్తాం. వాట్సాప్‌లో మామూలు వీడియోగా మాత్రం పంపకండి, అది నలిపేస్తుంది, పట్టీలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.