లేహ్‌లో మొదటి రెండు రోజులు

ఎల్.ఎఫ్.సి. పెట్టుకుని లడఖ్ వెళ్ళేవారు మా బ్యాంకులో ఎక్కువయ్యారు. ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నరలో లేహ్! ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అక్కడి గాలిలోనూ ప్రాణవాయువు 21 శాతమే. కానీ గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. వడ్డీ రేటు మారలేదు, అసలు తగ్గిందన్నమాట.

శరీరం వెంటనే శ్వాస, గుండె వేగం పెంచుతుంది. దాంతో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది మళ్ళీ శ్వాసకే కళ్ళెం వేస్తుంది. మూత్రపిండాలు ఆ క్షారాన్ని పంపించి లెక్క సరిచేయడానికి కొద్ది రోజులు కావాలి. ఎర్రకణాలు పెరగడం వారాల మాట.

అందుకే మొదటి రెండు రోజులూ విశ్రాంతి. "మావాడు రోజూ వ్యాయామం చేస్తాడండీ" అంటే కుదరదు. కండబలం ఇక్కడ అక్కరకు రాదు. దిగిన మర్నాడే 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్ లా చూపిస్తామనే ప్యాకేజీలను నేనైతే ఒప్పుకోను.

తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నడకలో తూలడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి చేర్చి, కిందికి దింపే ఏర్పాటు చూడండి. హోటలుకు కట్టిన డబ్బు పోతే పోనివ్వండి.