నెపం టీచర్ల మీద నెట్టొద్దు

2026-27 విద్యా సంవత్సరం నుంచి మూడో తరగతి మొదలుకొని కృత్రిమ మేధ పాఠాలు తెస్తామని కేంద్ర విద్యాశాఖ ప్రకటించింది. కోటి మందికి పైగా ఉన్న టీచర్లను ఇందుకు సన్నద్ధం చేయడమే సవాలని శాఖ కార్యదర్శి అప్పుడే చెప్పారు. అంతవరకు సరే. ఆ మాట కిందికి దిగేసరికి నింద అయింది. టీచర్లకు కొత్తదంటే భయమట, వాళ్ల మైండ్‌సెట్ మారాలట. ఇది పచ్చి అబద్ధం.

భయపడేవాళ్లే అయితే, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఖ హాజరు యాప్ తెచ్చినప్పుడు ఎవరి సొంత ఫోన్లు, సొంత డేటా వాడుకుంది? బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి అప్‌లోడ్ చేసిందెవరు? కొవిడ్ రోజుల్లో వాట్సాప్‌లో వర్క్‌షీట్లు పంపి, ఫోన్లు చేసి ఆరా తీసిందెవరు?

లెక్కల టీచర్ల సందేహం వేరు. ఒక పిల్లాడు 1/2కు 1/3 కలిపి 2/5 అని రాస్తాడు. పైవి పైవీ, కిందివి కిందివీ కూడేశాడన్నమాట. టీచరు వాడి చేత కాగితం మడతపెట్టించి, సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందిరా అని అడుగుతారు. వాడు తలగోక్కుంటాడు, మళ్లీ మడతపెడతాడు. భిన్నం ఒంటబట్టేది అప్పుడే. చాట్‌బాట్ క.సా.గు. కట్టి 5/6 అని క్షణంలో ఇచ్చేస్తుంది. లెక్క తేలుతుంది గానీ పిల్లాడికి రాదు. సైన్సులోనూ ఇంతే. జవాబు తెర మీదే కనిపిస్తుంటే లోలకం దారం పొడవు మార్చి డోలనాలు లెక్కపెట్టే ఓపిక ఏ పిల్లకుంటుంది?

టీచర్ల సందేహం ఊరికే పుట్టింది కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు టర్కీలో సుమారు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థులతో లెక్కల్లో ప్రయోగం చేశారు. చాట్‌బాట్ చేతిలో ఉన్నంతసేపు అభ్యాసంలో మార్కులు 48 శాతం పెరిగాయి. తీసేసి పరీక్ష పెడితే, అసలు అది వాడని విద్యార్థుల కంటే 17 శాతం తక్కువ వచ్చాయి. జవాబు చెప్పకుండా టీచర్లు రూపొందించిన సూచనలే ఇచ్చేలా మార్చిన చాట్‌బాట్‌తో ఆ నష్టం చాలావరకు తప్పింది. ఎవరి మైండ్‌సెట్ మారాలంటున్నారో, అలాంటి టీచర్ల అనుభవమే అక్కడ పిల్లల్ని కాపాడింది.

ప్రైవేటు బడుల పిల్లలకు అందేది సర్కారు బడి పిల్లలకూ అందాలన్న వాదన న్యాయమైనదే. అయితే ముందు ఆ బడిలో ఏముందో చూడాలి. కేంద్ర విద్యాశాఖ బడుల గణాంకాలైన 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. అందులో 12,912 ఆంధ్రప్రదేశ్‌లోనివే, ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. దేశం మొత్తమ్మీద మూడోవంతుకు పైగా బడులకు ఇంటర్నెట్టే లేదు. అన్ని తరగతులూ ఒక్కరే చెబుతూ, మధ్యాహ్న భోజనం లెక్కలూ రాసే మనిషిని తప్పుపట్టడానికి మనసెలా ఒప్పుతోంది?

ఖాళీలు భర్తీ చేయాలి. యాప్‌ల చాకిరీ తగ్గించాలి. ఏ సాధనం తేవాలో నిర్ణయించే కమిటీలో రోజూ సుద్దముక్క పట్టుకునే లెక్కలు, సైన్సు టీచర్లను కూర్చోబెట్టాలి. తెలుగు మాధ్యమం తరగతిలో పరీక్షించకుండా దేన్నీ బడికి పంపకూడదు. ఇది నా పిల్లలకు పనికిరాదని టీచరు అంటే, పక్కన పెట్టే అధికారం ఆ టీచరుకే ఉండాలి. అది జీవోలోనే రాసివ్వాలి.