తుపాకీ ఎలా చేజారింది?

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ హత్యాచారం కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అదే రోజు అక్కడికి చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. నిందితులను ఆధారాల కోసం తీసుకెళ్తే కళ్లల్లో మట్టి కొట్టి, పిస్టళ్లు లాక్కున్నారని, ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు.

ఈ కాల్పులపై విచారణకు సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ మాట నమ్మలేదు. చంపాలనే కాల్చారని, మృతుల్లో ముగ్గురు అప్పటికి మైనర్లేనని తేల్చింది. 10 మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ నివేదికను తెలంగాణ హైకోర్టుకు పంపింది. 2024లో అక్కడ దానిపై స్టే వచ్చింది.

నేరం సంగతి కోర్టులు చూసుకుంటాయి. కాసేపు పోలీసుల మాటే నిజమనుకుందాం. ఆయుధాలున్న పది మంది కాపలాలో, చేతుల్లో ఏమీ లేని నలుగురికి పిస్టళ్లు ఎలా దొరికాయి? అంత చీకట్లో ఎందుకు తీసుకెళ్లారు? కథ అబద్ధమైతే అది హత్య. నిజమైతే కాపలా కాయడం కూడా రాని ఎస్కార్ట్. రెండో దానికైనా ఎవరో ఒకరు సంజాయిషీ చెప్పాలి కదా! ఐపీఎస్‌లను తయారుచేసే జాతీయ అకాడమీ ఉన్నది హైదరాబాద్‌లోనే. అక్కడినుంచి చటాన్‌పల్లి గంట ప్రయాణం.

ఇది మొదటిసారీ కాదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే హతమయ్యారు. బేడీలతో సీట్లలో పడి ఉన్న శవాల ఫోటోలు అందరూ చూశారు. అప్పుడూ తుపాకీ లాక్కోబోయారనే చెప్పారు.

పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు పోలీసు కాల్పుల మరణాలపై 16 మార్గదర్శకాలిచ్చింది. ఎఫ్‌ఐఆర్ పెట్టాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ దర్యాప్తు చేయాలి, కాల్చిన ఆయుధాలు పరీక్షకు అప్పగించాలి, ధైర్యసాహసాలు నిస్సందేహంగా రుజువయ్యేదాకా పతకాలివ్వకూడదు. అయితే ఎఫ్‌ఐఆర్ సాధారణంగా చనిపోయినవాడి మీదే, పోలీసులపై హత్యాయత్నం చేశాడని నమోదవుతుంది. నిందితుడు బతికి లేడు కాబట్టి కేసు మూతపడుతుంది. పోలీసుల కథను ఎదురు ప్రశ్నించేవాడే మిగలడు. కాల్చినవాళ్ల మీద కేసు పెట్టి, ఆత్మరక్షణను కోర్టులో రుజువు చేసుకోమనాలని 2009లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు దాని అమలు నిలిపేసింది.

శిక్షణ మాటకొస్తే, గురి తప్పకుండా కాల్చడం నేర్పితే సరిపోదు. ఖైదీకి ఎంత దూరంలో నిలబడాలి, పిస్టల్ అందకుండా ఎలా పెట్టుకోవాలి, పారిపోయేవాణ్ని కాల్చకుండా ఎలా చుట్టుముట్టాలి అనేవే ప్రాణాలు కాపాడతాయి, పోలీసులవి కూడా. కాబట్టి కాల్పులు జరిగిన ప్రతిసారీ, క్రిమినల్ కేసు ఏమైనా సరే, ఆ ఎస్కార్ట్‌కు ఆదేశమిచ్చింది ఎవరో, ఆ వేళను ఎంచుకున్నది ఎవరో ఆ కమిషనరేట్‌తో సంబంధం లేని బృందం రాతపూర్వకంగా తేల్చాలి. ఆ నివేదికను అకాడమీలో పాఠంగా చెప్పాలి.