పెరడు ఎవరిది?

మాఘమాసం చివర్లో ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా అమ్మ ఒక ప్రతిపాదన చేసింది. పెరడంతా సిమెంటు గచ్చు చేయించేద్దామని.

రాజమండ్రిలో మా ఇంటి వెనక ఉన్నది గట్టిగా 70 గజాల స్థలం. ప్రహరీ పక్కన ఒక వేప, కరివేపాకు మొక్క, రెండు అరటి పిలకలు, ఒక మల్లె పొద, నీళ్ళ తొట్టి, బట్టలుతికే బండ. పక్కింటివారి బాదం చెట్టు సగం మా వైపే ఒరిగి ఉంటుంది కనుక దాని ఆకులన్నీ మావే. అమ్మ మాట వినగానే ఇంటిల్లిపాదీ గగ్గోలు పెట్టాం. అందరికంటే ఎక్కువగా నేనే మాట్లాడాను. వేసవి రాత్రుల్లో వేప కింద వేసుకున్న నులక మంచాలు, వెన్నెల్లో తిన్న ఆవకాయ ముద్దలు, మామ్మ చెప్పిన కథలు, తడిసిన మట్టి వాసన... ఒక్కటీ వదలకుండా ఏకరువు పెట్టాను. అమ్మ అంతా విని, "నువ్వు చెప్పినవన్నీ నిజమేరా. ఆ మంచాలు వాల్చేముందు అక్కడ ఊడ్చి నీళ్ళు చల్లిందెవరో కూడా చెప్పు" అంది.

నా దగ్గర సమాధానం లేదు. సమాధానం తెలియక కాదు, తెలిసే.

పెరళ్ళ గురించి మనం చాలా అందంగా రాస్తాం. నేనూ రాశాను. ఆ రాతల్లో పూలుంటాయి, పిందెలుంటాయి, పిచ్చుకలుంటాయి. చీపురు మాత్రం ఉండదు. శిశిరం పోయి వసంతం వస్తున్నదంటే కవులకు చివుళ్ళు కనిపిస్తాయి. చివుళ్ళకు ముందు ఆకులు రాలతాయి. వేపాకు, బాదం ఆకు కలిసి మాఘ ఫాల్గుణాల్లో మా పెరట్లో రోజుకు రెండు గంపలు పోగుపడతాయి. వాటిని ఈనెల చీపురుతో నడుము వంచి ఊడ్చేది మా అమ్మ. ఉగాది పచ్చడిలోకి ఆ వేపపువ్వే కావాలని పట్టుబట్టేది మేము.

నీళ్ళ సంగతి మరీ అన్యాయం. పంపు వచ్చిన గంటసేపట్లో తొట్టి నింపుకొని, దానిలోంచి పది లీటర్ల బకెట్టుతో ఉదయం పన్నెండు, సాయంత్రం పన్నెండు మోతలు. లీటరు నీరు కిలో బరువు. అంటే ఎండాకాలంలో రోజుకు 240 కిలోల బరువును మోసేది 68 ఏళ్ళ మనిషి. ఈ లెక్క ఇన్నేళ్ళలో నేనెన్నడూ వేయలేదు. ఆ ఆదివారం సాయంత్రమే మొదటిసారి వేశాను.

ఇది మా ఇంటి ఒక్కదాని కథ కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, ఇంటిపనులు చేసే పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నట్లు తేలింది. ఆ 97 కూడా పనిలో చేయి పెట్టే పురుషుల సగటే. అసలు చేయి పెట్టనివారు ఆ లెక్కలోకి రారు. 2024 సర్వేకు వచ్చేసరికి ఈ అంకెలు 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో స్త్రీలకు పది నిమిషాలు తగ్గితే, పురుషులకూ తొమ్మిది తగ్గాయి. ఆమె దించిన బరువును అతడు ఎత్తుకున్న జాడ మాత్రం ఆ అంకెల్లో నాకు కనబడలేదు.

అమ్మ గచ్చు అడగడానికి మరో కారణం ఉంది. కిందటి శ్రావణంలో బట్టలుతికే బండ దగ్గర నాచు మీద జారిపడి ఆమె మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ పెరడు శుభ్రంగానే ఉంది. కలుపు పెరగలేదు, పూజకు పూలు తప్పలేదు. ఎందుకు తప్పలేదని నేను అడగలేదు. ఉద్యోగం నుంచి వచ్చి మా ఆవిడ దీపాలు పెట్టే వేళ దాకా పెరట్లోనే ఉండేదన్న సంగతి, ఆ ఆదివారం అమ్మ చెబితే గాని నాకు తట్టలేదు. చీపురు ఒక ఆడమనిషి చేతిలోంచి మరో ఆడమనిషి చేతిలోకి మారింది. మధ్యలో నేను కాఫీ తాగుతూ వేపచెట్టును చూసి ఆనందించాను.

అయితే, గచ్చు చేయించడమే న్యాయమా? నేను ఇప్పటికీ కాదనే అంటాను, కానీ జ్ఞాపకాల పేరు చెప్పి కాదు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. గోదావరి జిల్లాల్లో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వర్షం. 70 గజాలంటే సుమారు 58 చదరపు మీటర్లు. ఏడాదికి 58 వేల లీటర్ల నీరు మా పెరట్లో పడుతుంది. అందులో మట్టి తాగగలిగినంత తాగుతుంది. గచ్చు అంతా వీధి కాలువకు పంపుతుంది. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో 'నీరు-మీరు' కార్యక్రమం మొదలైనప్పుడు ఇంకుడు గుంతల గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాం. మట్టి నేలను తనపాటికి తనను వదిలేస్తే ఆ పని కొంతైనా అదే చేస్తుంది. పైగా వైశాఖపు ఎండకు కాగిన సిమెంటు రాత్రి పొద్దుపోయేదాకా సెగలు కక్కుతుంది.

ఈ వాదనంతా విని అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుని, "అయితే చెయ్యండి" అంది.

చేశాం. ముందుగా బండ చుట్టూ, అక్కడినుంచి వంటింటి గుమ్మం దాకా మూడడుగుల వెడల్పున గరుకు గచ్చు వేయించాం. అంతవరకూ అమ్మ కోరిక పూర్తిగా సబబు. మనిషి కాలు జారే చోట మట్టి వాసనను పొగడటం క్రూరత్వం. తొట్టి అడుగున ఒక కుళాయి బిగించి, దానికి రబ్బరు గొట్టం తగిలించాం. బకెట్టు మోతలు ఆగిపోయాయి. ఇంత చిన్న పని ఇరవయ్యేళ్ళుగా ఎందుకు చేయలేదంటే, మోసేవారికి అడిగే అలవాటు లేదు, చేయించగలవారికి మోసే అవసరం లేదు. అంట్లు కడిగిన నీటిని చిన్న కాలువ తీసి అరటి మొదట్లోకి మళ్ళించాం. ఆకుకూరల మడులకు మాత్రం సబ్బు నీరు పోనివ్వలేదు. రాలిన ఆకులకు మూలగా ఒక గొయ్యి తవ్వాం. దాన్ని తవ్వింది నేనే. రెండడుగులకే అరచేతులు బొబ్బలెక్కాయి.

ఆ పక్కనే వెదురు బొంగులతో పందిరి వేసి, పాదులు చేసి బీర, పొట్ల గింజలు పెట్టాం. చైత్రం వచ్చేసరికి తీగలు పందిరెక్కాయి. బీరపూలు సాయంత్రం వేళ విచ్చుకుంటాయి. మొదట వచ్చేవి మగపూలే; వెనకాల చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. పుప్పొడి అందకపోతే ఆ పిందె పసుపుబారి రాలిపోతుంది. మొదటి వారం అన్నీ అలాగే రాలాయి. అమ్మ మా అమ్మాయికి మగపువ్వు తుంచి ఆడపువ్వుకు ఎలా తాకించాలో చూపించింది. మా అబ్బాయి పొట్లకాయల చివర రాళ్ళు కట్టాడు, వంకర పోకుండా. ఒక రాయి బరువెక్కువై కాయే ఊడిపడింది. ఆ పూట దాన్నే కూర చేసుకున్నాం.

వారంలో నాలుగు రోజులు ఊడ్చే వంతు నాది, మా అబ్బాయిది. మొదటి రోజు వీధిలో వెళుతున్న తెలిసినాయన ప్రహరీ మీదుగా చూసి, "ఏమండీ, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగులేదా?" అని పరామర్శించారు. ఆయన తప్పేమీ లేదు. మగవాడి చేతిలో చీపురు కనిపిస్తే, అది ఆపద్ధర్మమనే అనుకుంటారు ఎవరైనా.

నా అభిప్రాయం ఇంతే. పెరడు ఉండాలా, గచ్చు కావాలా అన్నది తేల్చే హక్కు దాని అందం చూసినవారి కంటే ముందు దాని చాకిరీ చేసినవారిది. పెరడు కావాలనేవారు ఆ హక్కును చీపురు పట్టే సంపాదించుకోవాలి. పనిలో వాటా లేకుండా జ్ఞాపకాల్లో మాత్రం వాటా అడగడం, వండని విందుకు వంకలు పెట్టడం లాంటిది.

అమ్మ తన ప్రతిపాదనను ఇంకా వెనక్కి తీసుకోలేదు. మొన్న పందిరి కింద కుర్చీ వేసుకుని బీరకాయలు చెక్కు తీస్తుంటే అడిగాను. "వచ్చే మాఘం దాకా చూద్దాం లేరా, ఆకులు రాలనీ" అంది.