ఘటోత్కచుడి కిరీటం తలుపులో ఇరుక్కుంది

గత ఏడాది ఉగాదికి మా బ్రాక్‌నెల్ తెలుగు కుటుంబాలన్నీ కలిసి పిల్లలతో శశిరేఖా పరిణయం నుంచి ఒక చిన్న ఘట్టం వేయించాయి. ఘటోత్కచుడు గద భుజాన పెట్టుకుని పక్క గదిలోంచి స్టేజీ మీదికి రావాలి. వచ్చాడు, కానీ కిరీటం తలుపులో ఇరుక్కుంది. పాపం, పీతలా పక్కకి తిరిగి లోపలికి జారాడు. హాలంతా ఒకటే నవ్వు.

ఆ కిరీటం డిజైన్ చేసింది పదిహేనేళ్ల మా అమ్మాయి. ఐప్యాడ్ మీద, స్టైలస్‌తో గీసింది. ఆ రాత్రి కారులో ఇంటికి వస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని ఇంట్లో తలుపులన్నీ కొలుస్తూ కనిపించింది. ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ దృశ్యం చూసే.

మన పండగ కార్యక్రమాలు ఎలా జరుగుతాయో మీకు తెలియంది కాదు. చిన్న పిల్లలు సినిమా పాటలకి డాన్సు చేస్తారు. పన్నెండు, పదమూడు దాటాక వాళ్లే వెనక వరసలో ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. నాటకంలో వేషం వేయమంటే తెలుగు పలకదు, పలికినా ‘ళ’ దగ్గర సిగ్గు. డ్రెస్సులేమో ఇండియా నుంచి ఆన్‌లైన్‌లో వస్తాయి. కృష్ణుడికీ రాముడికీ అదే మెరుపు పంచె. వెనకాల ప్రొజెక్టర్ మీద ఇంటర్నెట్‌లో దొరికిన రాజమహలు. ఇందులో ఆ వయసు పిల్లలకి పని ఏముంది? మనమే ఏమీ మిగల్చలేదు.

మా అమ్మాయి కూడా వేషం వేయనంది. బొమ్మలు గీస్తానంది. నిజం చెప్పొద్దూ, నాకు చిరాకేసింది. అంత డబ్బు పోసి కొన్న టాబ్లెట్ బొమ్మలకా అన్నాను. కాగితం, పెన్సిల్ చాలవా? చాలవని ఇప్పటికీ అనను. 1957 నాటి మాయాబజార్‌కి కళా దర్శకులు గోఖలే, కళాధర్. వాళ్ల చేతిలో ఏ తెరా లేదు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వాళ్లు రంగులు వేసిన పరదాలతోనే మాయలు చూపించారు. వాళ్ల పిల్లలు పరదా పక్కన నిలబడి చూస్తూ ఆ పని నేర్చుకున్నారు.

మన పిల్లలకి ఆ పరదా పక్క లేదు. వాళ్ల అమ్మమ్మ తెనాలిలో ఉంది, టైలరూ అక్కడే. టాబ్లెట్ పనికొచ్చింది అక్కడే. గీసిన బొమ్మ నిమిషంలో అమ్మమ్మకి వెళ్లేది. వీడియో కాల్‌లో ఆవిడ, “అమ్మడూ, రాక్షసుడికి భుజకీర్తులు ఏవీ? పంచె గోచీ పెట్టి కట్టాలి, అలా వదిలేస్తే కాళ్లకి అడ్డం పడుతుంది” అనేది. ఇది అక్కడికక్కడే కొత్త లేయర్‌లో దిద్దేది. అడుగున మనిషి ఆకారం, దాని మీద పంచె, ఆపైన నగలు, వేటికవి విడి లేయర్లు. పంచె నచ్చకపోతే నగలు చెరపక్కర్లేకుండా పంచె ఒక్కటే మార్చొచ్చు. రంగు పది రకాలుగా మార్చి చూడొచ్చు. ఆ లేయర్లకి తెలుగులో పేర్లు పెట్టుకుంది: కిరీటం, కంఠాభరణం, దండకడియం, వడ్డాణం. ఆదివారం తెలుగు క్లాసులో రెండేళ్లకి రాని మాటలు రెండు వారాల్లో వచ్చాయి.

అలాగని టాబ్లెట్‌ని నెత్తిన పెట్టుకోవద్దు. అది అబద్ధాలు కూడా చెబుతుంది. తెర తనంతట తాను వెలుగుతుంది, గుడ్డ వెలగదు. ఐప్యాడ్‌లో నిగనిగలాడిన ఊదారంగు మా హాలు ట్యూబులైట్ల కింద వంకాయ తొక్కలా కనబడింది. వేళ్లతో పెద్దది చేసి గీసిన సన్నని చెక్కుడు పని మూడో వరసకే కనబడలేదు. అన్నిటికంటే పెద్ద తప్పు టైలర్ పట్టుకున్నాడు. “బొమ్మ బాగుందండీ, వెనకాల ఎలా ఉంటుంది?” అని అడిగాడు. వెనక వైపు ఎవరూ గీయలేదు! కొలతలూ రాయలేదు.

ఇక్కడి రంగస్థల డిజైనర్లు సెట్టుకి ముందు అట్టతో చిన్న నమూనా కడతారు. సాధారణంగా 1:25 కొలత, అంటే మీటరుకి నాలుగు సెంటీమీటర్లు. అదే కొలతలో అట్టమనిషిని పెట్టి తలుపులోంచి నడిపించి చూస్తారు. మేమూ ఒక చెప్పుల పెట్టెతో ఆ పని చేసి ఉంటే ఘటోత్కచుడు నిటారుగానే వచ్చేవాడు.

అలాంటి పని జరిగే చోటు మన ఊళ్లోనే ఉంది. సౌత్ హిల్ పార్క్‌లో 1984లో తెరిచిన వైల్డ్ థియేటర్ ఉంది. ఏటా క్రిస్మస్ పాంటోమైమ్‌కి పిల్లల్ని తీసుకెళ్లి పాప్‌కార్న్ కొనిస్తాం, వేషాలు ఎవరు గీశారని అడగం. (ఆ భవనం కట్టించుకున్నది ఈస్టిండియా కంపెనీ విలియం వాట్స్, ప్లాసీకి ముందు మీర్ జాఫర్‌తో మంతనాలు నడిపినవాడు. 1760లో కట్టించాడు. అక్కడ మన ఘటోత్కచుడు అడుగుపెడితే బాగుంటుందని నాకో చిలిపి కోరిక.) జీసీఎస్ఈ డ్రామాలో నటించకుండా వేషాల డిజైన్, సెట్ డిజైన్ చేసి కూడా మార్కులు తెచ్చుకోవచ్చని మనలో ఎంతమంది తల్లిదండ్రులకి తెలుసు? నాకు మొన్నటిదాకా తెలియదు.

అందుకే కమిటీల వాళ్లకి నా విన్నపం ఇది. వచ్చే ఉగాదికి కనీసం ఒక్క నాటికకైనా రెడీమేడ్ డ్రెస్సులు మానండి. ఆ డబ్బు గుడ్డకీ, అట్టకీ, టైలర్‌కీ ఇవ్వండి. వెనక వరసలో కూర్చున్న పిల్లల్లో ఇద్దరికి వేషాలు, ఇద్దరికి సెట్టు అప్పగించండి. టాబ్లెట్ ఉన్నవాళ్లు దాని మీద గీస్తారు, లేనివాళ్లు కాగితం మీద. నటుల పేర్లతో పాటు వాళ్ల పేర్లూ మైకులో చదవండి. తప్పులు జరుగుతాయి, జరగనివ్వండి. పెద్దవాళ్లం అర్ధరాత్రి కూర్చుని సరిచేయడం మొదలుపెడితే అది మళ్లీ మన నాటకమే అవుతుంది.

మా ఇంట్లో ఈ ఏడాది శశిరేఖ వేషం గీయడం మొదలైంది. ముందు వైపు, వెనక వైపు, పక్క వైపు. నిన్న తెనాలి నుంచి టైలర్ మెసేజ్ పెట్టాడు, కుచ్చిళ్లు ఎన్నో పాపని రాయమనండి అని. అమ్మమ్మ తొమ్మిదంటోంది, ఇది పదకొండంటోంది. ఇంకా తేలలేదు.