బాలభటుల నాయకత్వము

1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపమున బాలురను నాలుగు దళములుగా విభజించి, ప్రతి దళమునకును వారిలో నొకనినే నాయకుని జేసెను. పిల్లలను పిల్లలే నడుపవలెననుట బాలభటోద్యమమునకు మూలసూత్రము. 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థయు దళపద్ధతినే అవలంబించినది. ప్రవేశము, మూడు సోపానములు, రాజ్య పురస్కారము, రాష్ట్రపతి పురస్కారము – ఇది అందలి మెట్ల వరుస.

ముడులు వేయుట, ప్రథమ చికిత్స నేర్చుట మాత్రమే మెట్టెక్కుటకు చాలునా? అమెరికాలో ఈగిల్ పదవిని కోరువారు, దాని ముందరి మెట్టు నెక్కిన పిదప, ఆరు మాసములు బాధ్యతగల పదవిని నిర్వహించి తీరవలెను. ఈ నియమమందలి సారము మనకును గ్రాహ్యము. చొక్కాకు బిళ్ల కుట్టినంతనే నాయకుడు కాడు.

2024 ఆగస్టు తుదివానలకు కోదాడ జలమయమైనది. సూర్యాపేట బిడ్డలు జాతీయ రహదారి చెంతను, మిర్యాలగూడ బిడ్డలు సాగర్ ఎడమకాలువ చెంతను పెరుగుచున్నారు. ఆపదవేళ తోటివారిని కూడగట్టి, బెదరినవానికి ధైర్యము చెప్పి, ఎవ్వరును తప్పిపోకుండ లెక్క చూచుకొనువాడు కావలెను. ఆ గుణము పరీక్షలో పుట్టదు. తోటివారి భారము మోసిన నెలలలో అబ్బును.

కావున ఈ మూడు పట్టణముల ఉపాధ్యాయులకు మా మనవి యొక్కటే. దళనాయకత్వమును మార్కులు వచ్చినవానికో, పెద్దలబిడ్డకో కట్టబెట్టకుడు. వంతులవారీగా అందరికిని అప్పగింపుడు. శిబిరమును వారినే నడుపనిండు. తప్పినచో దిద్దుడు. నడిపి చూపిన పిమ్మటనే పై మెట్టునకు సంతకము చేయుడు.