పడిన స్విచ్చుని తిట్టకండి

వాన పడితే చాలు, మన హాస్టల్లో మెయిను దగ్గరున్న ట్రిప్పు స్విచ్చు టప్పుమని పడిపోతాది. "ఏటీ దరిద్రం, రేపు పరీక్ష!" అని తిట్టుకుంటాం. ఎవరో ఒక అన్న తడి చేత్తోనే స్టూలెక్కి పైకి నెడతాడు. అది మళ్లీ పడతాది. నా అభిప్రాయంలో తప్పు స్విచ్చుది కాదు, చెమ్మ పట్టిన గోడది.

బోర్డులోకి నీరు దిగితే కొంత కరెంటు గోడ గుండా భూమిలోకి కారిపోతుంది. వెళ్లిన కరెంటుకీ, తిరిగొచ్చిన కరెంటుకీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, ఆ స్విచ్చు పడిపోతుంది. 5 ఆంపియర్ల ఫ్యూజుకి అంత చిన్న తేడా తెలీనే తెలీదు. కానీ మనిషి ప్రాణానికి ఆ కొంచెమే ముప్పు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే గడిపాయి. మనం ఒక్క రాత్రి ఓర్చుకోలేమా?

అందుకే స్విచ్చుని బలవంతంగా నెట్టొద్దు, తాడుతో కట్టొద్దు. వెంటనే సారుకి చెప్పండి. పెద్దలకు మనవి: బల్బు మార్చే ముందు కారుతున్న కప్పు బాగుచేయించండి. చదువు రేపైనా చదువుకోవచ్చు, ప్రాణం పోతే తిరిగి రాదు.

– 9వ తరగతి విద్యార్థి